ఆర్వో ట్రాక్టరు వెనక బరువు

కొండ మీది ఇల్లు
1988 జనవరి 12

తౌనోకి,

నిన్న సోమవారం ఉదయం 5:50కి నీ ట్రాక్టరు పిట్కమాకి కొండ సగం ఎక్కి, వెనక్కి జారి, నా పాలడబ్బాల అరుగును విరగ్గొట్టింది. దారిలో మంచు అలాగే ఉండిపోయింది. 6:20కి రావాల్సిన టాక్సీ రాలేదు. నాకు డయాలసిస్ తప్పింది. ఒకసారి తప్పితే ఓర్చుకోవచ్చు, వరసగా రెండుసార్లు తప్పితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు అన్నాడు.

మా ఆయన ఆర్వో ఇరవై ఆరు శీతాకాలాలు ఇదే కొండ మీద మంచు తోశాడు. ఒక్కసారీ జారలేదు. నీకేమయింది?

ఇట్లు,
సైమి కర్వినెన్

తా.క. ఫోను చేద్దామనుకున్నాను. ట్రాక్టరు మోతకి పోయిన నీ చెవులకి సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వు కల్పించుకుంటావు.

*

జనవరి 13

సైమి గారికి నమస్కారాలు.

రేపటి నుంచి నలుగురం పారలతో దారి తీస్తాం, మీ టాక్సీ వస్తుంది. కానీ పెద్ద మంచు పడితే పారలతో తేలదు.

జరిగింది చెబుతాను. ట్రాక్టరు ముందు మంచు తోసే పలక ఈ ఏడు కొత్తగా పెట్టింది, 380 కిలోలు. ఆ బరువంతా ముందుకి లాగుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. లాగాల్సినవి అవే. వాటికి గొలుసులు వేశాను, బరువు కోసం టైర్లలో ఉప్పునీళ్లు నింపాను. అయినా ఎక్కుడులో ఉన్నచోటే తిరుగుతున్నాయి. వెనక ఇంకో మూడొందల యాభై కిలోలు కావాలి.

ఆర్వో గారు వెనక ఏం పెట్టేవారు?

మీ విధేయుడు,
తౌనో

తా.క. వెనక కాస్త కూర్చోమని మా ఆవిడని అడిగాను. "నువ్వు కూర్చో, నేను తోల్తాను" అంది.

*

జనవరి 15

తౌనోకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

వెనక నన్ను పెట్టేవాడు.

1952లో పెళ్లయింది. ఆ శీతాకాలం నుంచి మంచు పడిన ప్రతి ఉదయం, "సైమీ, కాఫీ ఫ్లాస్కు తీసుకుని రా, ఒక్కడినే అయితే తోచదు" అనేవాడు. ట్రాక్టరు వెనక చెక్కపెట్టె, దానిమీద సీటు. నేను దాని మీద కూర్చునేదాన్ని. ఇరవై అయిదు శీతాకాలాలు. అప్పుడు నేను 84 కిలోలు. నవంబరు వచ్చిందంటే "ఇంకో పిరక్క రొట్టె తిను, వెన్న బాగా రాసుకో" అనేవాడు. ఎండాకాలంలో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

ఆయన ఫొటోను గోడవైపు తిప్పి పెట్టాను.

సైమి

తా.క. ఇప్పుడు నేను 51 కిలోలు. నీకు పనికిరాను.

*

జనవరి 16

సైమి గారికి,

మిమ్మల్ని ట్రాక్టరు ఎక్కమని నేను అడగలేదు. బీమా వాళ్లు కూడా ఒప్పుకోరు.

మీరు బాధపడకూడదని కాగితం మీద లెక్క వేశాను. వెనక ఇరుసుకి మీటరు అవతల కూర్చున్న మనిషి బరువు ఉన్నదానికంటే ఎక్కువగా పనిచేస్తుంది. 84 కిలోలు నూట ముప్ఫై దాకా లెక్కకొస్తాయి. ఆర్వో గారిది మంచి ఏర్పాటు. అంతకంటే చవగ్గా కుదరదు.

తౌనో

తా.క. ఈ ఉత్తరం పంపొద్దని మా ఆవిడ అంటోంది. తపాలా ఆయన అప్పుడే స్కీలు విప్పి వాకిట్లో నుంచున్నాడు.

*

జనవరి 18

తౌనోకి,

పెట్టె కొట్టంలో ఉంది. తీసుకుపో. సీటు కాల్చెయ్. గురువారం రాత్రి నలభై సెంటీమీటర్ల మంచు పడుతుందని రేడియో చెప్పింది. శుక్రవారం నేను ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లకపోతే ఏమవుతుందో నీకు చెప్పాను.

సైమి

తా.క. పిరక్కలు చేయడం మానేశాను.

*

జనవరి 21, గురువారం

సైమి గారికి నమస్కారాలు.

నిన్న మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొట్టానికి వచ్చాం. ఖాళీ పెట్టె అనుకుని ఇద్దరం పట్టుకున్నాం. కదల్లేదు. సీటు ఊడదీసి, మూత తీసి చూశాం. నిండా సౌనా ఆవిరిగది పొయ్యి రాళ్లు, విరిగిన నాగటి కర్రులు, సందుల్లో ఇసుక. ట్రాక్టరుతోనే ఎత్తి సహకార సంఘం కాటా మీద తూచాం: సీటు కాక 341 కిలోలు.

మూత లోపలి వైపు ఆర్వో గారి చేతిరాత ఉంది, పెన్సిలుతో: "340. సరిపోయింది. 2.12.1951."

మీ పెళ్లి 1952లో. అంటే మొదటి శీతాకాలం వెనక మీరు లేరు, అయినా ఆయన జారలేదు. ఆయన ట్రాక్టరు చిన్నది, పలక 150 కిలోలే. దానికి ఈ పెట్టె చాలు, ఇంకా మిగులు.

సీటు తర్వాత బిగించింది, మేకులు వేరు. కింద స్ప్రింగు, పైన గొర్రెతోలు, కాళ్లు పెట్టుకోవడానికి పలక, ఫ్లాస్కు తగిలించడానికి కొక్కెం. బరువుకి స్ప్రింగు అక్కర్లేదు. తప్పు లెక్క నాది.

పిరక్కల సంగతి నాకు తెలియదు. అది మీకే తెలియాలి.

పెట్టె నా ట్రాక్టరుకి తగిలించి ఈ రోజు మూడుసార్లు కొండ ఎక్కాను. చక్రం జారలేదు.

తౌనో

తా.క. సీటు కాల్చలేదు. మా ఆవిడ గొర్రెతోలు దులిపింది. రేపు 4:45కి బయల్దేరతాను, 5:30కి మీ వాకిట్లో ఉంటాను. టాక్సీ 6:20కి.