ఒడ్డు దాటని నవల

తెనాలి,
బుధవారం

మా నాన్నకి,

ఫోన్లో చెప్పలేకే ఈ ఉత్తరం. దీన్ని పనిలో ఉన్నప్పుడు, ఐసు ఫ్యాక్టరీలో అందరి మధ్యా విప్పకు. రేపల్లెలో ఇంటికి వెళ్ళాక, ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

పిల్లల కోసం నేనో నవల రాస్తున్నానని నీకు తెలుసుగా. పెద్ద చేప వీపు మీద ఒక ఊరు, దాన్ని వెతుక్కుంటూ పడవెక్కే ఒక అమ్మాయి. ఇక్కడ పుస్తకాలు అచ్చువేసే శకుంతల గారు నిన్న ఆ కాయితాలు తిరిగిచ్చేశారు. కోప్పడలేదు. కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. "దీవులు బాగున్నాయమ్మా. మాట్లాడే తాబేలు ఇంకా బాగుంది. కానీ ఎనిమిది అధ్యాయాలైనా పడవ ఒడ్డునే ఉందేంటి? పిల్లలు సముద్రం కథ పట్టుకునేదే భయపడ్డానికి. భయపడుతూనే పేజీ తిప్పడానికి. నీ సముద్రంలో ఎవరి చెప్పులూ తడవడం లేదు."

బాపట్లలో మన పింకీదీ అదే మాట. "బోరక్కా. ఆ పిల్ల ఎప్పుడెళ్ళుద్ది? ఎవరికీ ఏం కాదని ముందే తెలిసిపోతే ఇంకెందుకు చదవడం?" అంది. తండ్రి మొహం కూడా చూడని పిల్ల, నన్ను అలా అడిగింది.

పడవ ఎందుకు కదలదో నాకు తెలుసు నాన్నా. ఆ అమ్మాయి గుమ్మం దాటుతుందని రాయగానే నా కలం ఆగిపోతుంది. వెంటనే నీకు ఫోన్ చేసి "తిన్నావా?" అని అడుగుతాను. నువ్వు పలికితే గానీ ఊపిరి రాదు. అన్నిసార్లు ఎందుకు అడుగుతానో నీకెప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నాకు తొమ్మిదేళ్ళు. నువ్వు వేటకి బయల్దేరి గుమ్మంలో చెప్పులేసుకుంటున్నావు. నేను మంచం మీంచి లేచి "ఎక్కడికి నాన్నా?" అన్నాను. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి ఎవరూ అలా అడగరని, అడిగితే వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలని నాకు తెలుసు. శకునాలు నమ్మొద్దని పాస్టరు గారు ఎన్ని ఆదివారాలు చెప్పినా మనింట్లో అది ఎవరూ తప్పరు. నిద్రమత్తులో నోరు జారింది. నువ్వు వెనక్కొచ్చి కూర్చున్నావు. సముద్రం పోటు దిగేలోపు బోటు బయటపడాలని యేసుదాసు బాబాయి పరిగెత్తుకొచ్చాడు. "నువ్వాగన్నా, నేనెళ్తా" అన్నాడు. మర్నాడు వాయుగుండం. బోటులో మిగతా ఇద్దరినీ వేరే బోటు వాళ్ళు కాపాడారు. బాబాయి దొరకలేదు. సుగుణమ్మ పిన్నికి అప్పుడు ఆరో నెల, పింకీ కడుపులో ఉంది.

"అడిగింది నువ్వేనా?" అంది నానమ్మ నాతో, ఒక్కసారే. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇవాళ్టికీ బస్సులో కండక్టరు "ఎక్కడికమ్మా?" అంటే నాకు గుండె జారుతుంది, నవ్వకు. రేపు పింకీకి ఈ సంగతి తెలిస్తే నన్ను అక్కా అని పిలుస్తుందా? ఆ భయానికి నేను బాపట్ల వెళ్ళి ఏడాదైంది. కథలు కూడా వాట్సాప్‌లోనే పంపుతున్నాను.

అందుకే నవల మానేస్తున్నాను. నువ్వు నన్ను క్షమించావో లేదో ఒక్క ముక్క రాయి.

నీ కరుణ


బాపట్ల,
ఆదివారం

అమ్మా కరుణా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. క్షమించమని అడగాల్సింది నువ్వు కాదు.

నీళ్ళు తాగడానికి అరగంట పడుతుందా తల్లీ? పోటు దిగడానికి అప్పటికి ఇంకా అరగంట ఉంది. నేను కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, వెంటనే వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. అంతకు ముందు వేటలో వల తాడు కాలికి చుట్టుకుని నన్ను నీళ్ళలోకి లాగేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ సముద్రం చూస్తే కాళ్ళు వణికేవి. బోటు నడిపేవాడే భయపడుతున్నాడంటే వాడి వెంట ఎవరొస్తారు? ఆ పొద్దున గుమ్మంలో చెప్పులు మూడుసార్లు వేసుకున్నాను, మూడుసార్లు విప్పాను. అప్పుడు నువ్వు అడిగావు. బతికిపోయాను అనుకున్నాను. సాకు దొరికిందని కూర్చున్నాను. తమ్ముడు నా బదులు వెళ్తానంటే వద్దని కూడా అనలేదు.

ఆ తర్వాత అందరూ శకునం అన్నారు. నేను అవునన్నాను. మీ నానమ్మ నిన్ను అడిగినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. పలకలేదు. చిన్నపిల్ల, మర్చిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు రోజూ ఫోన్ చేసి తిన్నావా అంటే, నా కూతురికి నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయేవాణ్ణి. నా అంత పిరికివాడు లేడమ్మా.

ఉత్తరం చదివాక నీకు ఫోన్ చెయ్యాలనిపించింది. కానీ ముందు చెప్పాల్సింది సుగుణమ్మకి. అందుకని పొద్దున్నే ఇక్కడికి వచ్చాను. తను చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు, నిలబెట్టి చెప్పేశాను. అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "పద్నాలుగేళ్ళు ఆ నేరాన్ని ఆ పసిపిల్ల మీద పెట్టి ఊరుకున్నారా బావగారూ?" అని మాత్రం అడిగింది. తమ్ముడి గురించి ఒక్క మాట లేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

పింకీ గుమ్మంలో నిలబడి అన్నీ విన్నది. "మా నాన్న కూడా భయపడ్డాడా పెదనాన్నా?" అంది. భయపడ్డాడమ్మా, నేను చూశాను, మొహం తెల్లగా పాలిపోయింది, అయినా ఎక్కాడు అన్నాను. "అక్కని నవల్లో అది రాయమను" అని, తలుపు తట్టి లోపల వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పొద్దు గూకింది, ఆ తలుపు మళ్ళీ తియ్యలేదు. తీస్తే సుగుణమ్మ ఏమంటుందోనని భయంగానే ఉంది. రేపల్లెకి ఆఖరి బస్సు ఇప్పుడే వెళ్ళిపోయింది. నేను లేవలేదు.

మీ నాన్న,
బర్నబాస్