సెరాఫిన్ కింది అంతస్తు

అజైబా, మస్కట్
ఫిబ్రవరి 6

ప్రియమైన నాన్నకు,

ఫోనులో ఎంత అరిచినా నీకు వినబడదు. అందుకే రాస్తున్నాను. నిన్న నాకు డ్యూటీ లేదు. మా ఆసుపత్రి వార్డులో నాతో పనిచేసే అల్ఫియాతో కలిసి ఇక్కడ కొత్తగా తెరిచిన ఓడల ప్రదర్శనశాలకు వెళ్ళాను. హాలు మధ్యలో అద్దాల పెట్టెలో నీ ఓడ ఉంది. తాళ్ళరేవులో మన పాకలో పద్నాలుగు నెలలు కూర్చుని నువ్వు చేసిన ఫ్రెంచి యుద్ధనౌక సెరాఫిన్ నమూనా. వెనక కిటికీ దగ్గర ఉలి జారితే నువ్వు అతికిన టేకు ముక్క కూడా పోల్చుకున్నాను. ఏడుపొచ్చింది.

పక్కనే బోర్డు. 1767లో నీళ్ళలో దిగిందట. అరవై నాలుగు ఫిరంగులు, మన తీరంలో ఇంగ్లీషువాళ్ళతో రెండు యుద్ధాలు, ఇరవై రెండేళ్ళ సేవ, తర్వాత గౌరవంగా విశ్రాంతి. అడుగున 'నమూనా తయారీ: ఫ్రాన్సు' అని ఉంది. ఒళ్ళు మండిపోయింది.

అక్కడ వచ్చినవాళ్ళకు ఓడల గురించి చెప్పే షైస్తాతో, "ఇది మా నాన్న చేశాడు" అన్నాను.

"మాకిచ్చిన కాగితాల్లో అలాగే ఉంది సిస్టర్. మన దేశంలో ఒక పల్లెలో చేశారంటే ఎవరు నమ్ముతారు?" అంది.

ఫిర్యాదు పెడతాను. నువ్వే చేశావని రాసి, సంతకం పెట్టి పంపు.

నీ ఫేబా


తాళ్ళరేవు
ఫిబ్రవరి 19

అమ్మా ఫేబా,

సంతకం పెట్టను. నా పేరు వద్దన్నది నేనే. తలుచుకుంటే కోపం ఆగదని నీకు చెప్పలేదు.

ఈ పని నాకు అప్పగించిన ఏజెంటు ఇచ్చిన కాగితాలు మన ప్రీతమ్ మాష్టారు చదివి చెప్పారు. ఆ ఓడ విశ్రాంతి తీసుకోలేదు. నౌకాదళం అమ్మేశాక ఒక వర్తకుడు కొని, నాలుగేళ్ళు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా ఫ్రెంచి దీవులకు తరలించాడు. ఫిరంగులు తీసేసిన చోట బల్లలు, కాళ్ళకు గొలుసులు. ఒక్కో మనిషికి జానెడున్నర చోటు. ఆ కొలతల ప్రకారమే అన్నీ చేశాను. పక్క పలక తీస్తే కనబడేలా పెట్టాను.

ఏజెంటు చూసి, "అయ్యి పీకెయ్ అమోసూ. జనానికి యుద్ధాలు కావాలిగానీ ఈ ఏడుపెందుకు?" అన్నాడు.

"ఓడ బతికిన బతుకంతా చెయ్యమన్నారు. సగం దాస్తే అబద్ధవే గదండీ" అన్నాను.

అతను వినలేదు, నేను పీకలేదు. వేరే మనిషిని పెట్టి ఆ పలక బిగించేశాడు. ఆ అబద్ధం మీద నా పేరెందుకు? తోచింది రాసుకోమన్నాను.

మీ నాన్న, అమోసు


అజైబా
మార్చి 7

నాన్నా,

నీ ఉత్తరం షైస్తాకు హిందీలో చెప్పాను. "అయితే రోజుకు నాలుగుసార్లు నా నోటితో అబద్ధం చెప్పించారు" అంది. ఆఫీసులో ఆమె వెతికితే ఆ కాగితాలే దొరికాయి, ఆ నాలుగేళ్ళ సంగతి ఉన్న చివరి పేజీలతో సహా.

నిన్న ముప్పైమంది సందర్శకులు వచ్చారు. నేనూ వాళ్ళలో నిలబడ్డాను. షైస్తా బోర్డు చదువుతూ 'విశ్రాంతి' దగ్గర ఆగి, "ఈ మాట నిజం కాదు" అంది. ఆ నాలుగేళ్ళ గురించీ, బిగించేసిన పలక గురించీ చెప్పింది. మేనేజరు వచ్చి చాలన్నాడు. ఆమె ఆపలేదు. ఒక పెద్దాయన, "ఆ పలక తీయించండి, చూస్తాం" అన్నాడు. సందర్శకులెవరూ అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి మేనేజరే పనివాణ్ణి పిలిపించి స్క్రూలు తీయించాడు.

బల్లలు, గొలుసులు, నువ్వు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. షైస్తా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆమెకు మాత్రం దిగులు లేదు.

ఒకావిడ వంగి లోపలికి చూసి, "ఇంత ధైర్యంగా చేసిందెవరు?" అని అడిగింది.

నిన్ను అడక్కుండానే చెప్పేశాను నాన్నా, ఊరి పేరుతో సహా.

నీ కూతురు
ఫేబా