కిందికి జారిన రెండు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. గని దుమ్ముకి మీ దగ్గు మళ్ళీ తిరగబెట్టలేదు కదా? అత్తయ్య మోకాళ్ళ గురించి మీరు అడిగారు. మెట్లెక్కేటప్పుడు మూలుగుతారు గానీ, టీవీ రిమోట్ కనబడకపోతే మాత్రం ఇల్లంతా చిటికెలో గాలించేస్తారు. బెంగపెట్టుకోకండి.

"లైబ్రరీలో పుస్తకాలు సర్దేదానివి, రోజూ ఇంత ఆలస్యం ఏమిటి?" అని రాశారు. మా కాలేజీలో పుట్టుకతోనే చూపులేని అమ్మాయి ఒకతి చేరింది. పాఠాలన్నీ కంప్యూటరు పైకి చదువుతుంటే వింటుంది. లెక్కల పుస్తకం పీడీఎఫ్‌లో ఉంది. దాన్ని కంప్యూటరు సరిగ్గా చదవలేకపోతోంది. అందులోది కాపీ చేసి, మామూలు అక్షరాలుగా వేరే ఫైల్లో పెట్టివ్వడం నా పని. మహా సులువనుకున్నాను.

పోయిన నెల ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"నాకు లెక్కలు రావండీ. వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకుంటా. ఎన్నిసార్లు చేసినా ఏడే వస్తోంది, పుస్తకంలో జవాబేమో పది."

"ఏదీ, చెప్పు."

"బ్రాకెట్లో ఎక్స్ మైనస్ మూడు, పక్కన రెండు, ప్లస్ ఒకటి. ఎక్స్ ఆరు. మూడు రెళ్ళు ఆరు, ఒకటి కలిపితే ఏడే కదా?"

పీడీఎఫ్ తెరిచి చూశాను. ఆ రెండు బ్రాకెట్ పక్కన లేదు. దాని భుజం మీద చిన్నగా కూర్చుని ఉంది. కాపీ చేసేసరికి కిందికి జారిపోయింది. నేను గమనించనే లేదు.

"తప్పు నీది కాదమ్మా! అది హోల్ స్క్వేర్!"

"మూడు మూళ్ళు తొమ్మిది... పది!" అంది. తర్వాత మెల్లగా, "అయితే ఇది తిన్నని గీత కాదండీ, వంపు!" అంటూ టేబుల్ మీద వేలు ఆనించి కదిలించింది. "ఇలా దిగుతుంది. మూడు దగ్గర అడుగు. నేలకి తగలదు, ఒకటి ఎత్తులోనే ఆగి మళ్ళీ లేస్తుంది. గిన్నెలా ఉంటుంది కదూ?"

పక్క పేజీలో అచ్చం అదే బొమ్మ! దాని ఊసు నేనెత్తనే లేదు. వెలుగంటే ఏమిటో ఎరగని పిల్లకి, ఒక్క అంకె తన చోటికి చేరగానే మొత్తం ఆకారం కళ్ళకు కట్టింది. రెండు కళ్ళూ ఉన్న నేను ఆ బొమ్మని ఉత్త గీతగానే దాటేశాను.

ఆ రోజు నుంచి ప్రతి సూత్రాన్నీ ఏది పైన, ఏది కింద, ఏది లోపల అని మాటల్లో టైపు చేస్తున్నాను. ఆలస్యం అందుకే. ఆ అమ్మాయి సబ్జెక్టు మార్చుకోలేదు.

ఇక దాచలేను. మీరున్న ఊరికి నా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆమె చదువు పూర్తయ్యేదాకా ఆపమని, మీతో మాటైనా అనకుండా, నేనే వెళ్ళి ప్రిన్సిపాల్‌ని అడిగాను. ఈ బదిలీ కోసమే ఇన్నాళ్ళు ఎదురుచూసినదాన్ని, ఇలా చేశానేమిటని నాకే ఏడుపొచ్చింది. కోప్పడండి, పడతాను. కానీ ఒక్కసారి సెలవు పెట్టి రండి. ఆ పిల్ల వేలు టేబుల్ మీద కదులుతుంటే పక్కన కూర్చుని చూడండి. అప్పుడు కూడా నన్ను వచ్చెయ్యమంటే, మారు మాట్లాడకుండా మీ వెంట వచ్చేస్తాను.

ఇట్లు,
మీరు ఏమంటారోనని భయపడుతున్న
మీ ఇంటావిడ