కిటికీ అరుగు మీద మిరపకాయలు

గ్యుమిన్ నాన్నగారూ,

ముల్లంగి పులుసు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తినండి. కిమ్చీ పచ్చడి డబ్బా మూత గట్టిగా పెట్టండి. అంతకంటే ముందు, కిటికీ అరుగు మీద మీరు ఆరబోసిన మిరపకాయలు తీసెయ్యండి! మీ అక్కయ్య తోటలో కాసినవైతే మాత్రం, కళ్ళు లాగుతున్నా కూర్చుని నేను కుట్టిన తెల్ల పరుపు మీదా పోసేది? మరక పడిందో, మీ చేతే ఉతికిస్తాను.

వెచ్చటి నేలుండగా అరుగెందుకని మీ అక్కయ్య నవ్వినా, అసలా అరుగు ఎందుకు కట్టించాను? మన గ్యుమిన్ సైన్యంలోకి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వాన చూద్దామని. మీరేమో సోఫాకి చేసినట్టే దీనికీ చేశారు. నేల మీద చతికిలబడి, దానికి వీపు ఆనించి టీవీ చూడటం! కొత్త దిండ్లకి అప్పుడే మీ తలనూనె అంటింది. నేలే కావాలంటే ఆ ముక్క ముందే అనొచ్చుగా!

బస్సుకి టైమైంది. సాయంత్రం వస్తాను.

గ్యుమిన్ అమ్మ

ఇంకో మాట. నిన్న మీరు లేనప్పుడు అరుగెక్కి కూర్చున్నాను. కిటికీ అద్దంలోంచి చలి, కాళ్ళు కొయ్యబారిపోయాయి. దిగి నేల మీదే కూర్చుని, దానికే వీపు ఆనించి టీ తాగాను. నేల కింది వేడినీళ్ళ గొట్టాల వెచ్చదనానికి ఎంత హాయిగా ఉందో! ఈ సంగతి మీ అక్కయ్య చెవిన పడిందో, చలికాలమంతా మీ పడక ఆ అరుగు మీదే.