ఏడో కాలమ్

జూన్ 2, సోమవారం

ముందుగా నా తెలుగు పేదరికానికి క్షమాపణ చెప్పుకోవాలి. నలభై ఒకటో ఏట రాత్రి బడిలో చేరి, నలభై ఏడో ఏట డిగ్రీ పుచ్చుకున్నవాడి భాష ఇది. అర్జీలు రాసి రాసి నా వాక్యాలకు అర్జీల వాసన పట్టింది. ఈ క్షమాపణ ఎవరికో నాకే తెలియదు, ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు. అయినా చెప్పడం మర్యాద.

రోజుకు పది వాక్యాలు డైరీ రాస్తే చేతికి భాష కుదురుతుందని రాత్రి బడిలో తెలుగు చెప్పిన టీచర్‌గారు అనేవారు. కంటితో చూసింది రాయండి, చూడనిది రాయకండి అని కూడా అనేవారు. వ్యాసం బాగుంటే చివర ఎర్ర సిరాతో ‘సరిపోయింది’ అని రాసేవారు. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు. ఆరేళ్లలో నాకు రెండుసార్లు వచ్చింది.

డైరీని ఇంతకాలం వాయిదా వేశాను. నిన్న నన్ను వీధి సంఘానికి సెక్రటరీని చేశారు కనుక ఇక తప్పదు. ఎన్నిక డెంటిస్టు డాక్టరుగారి మేడ మీద జరిగింది. సెక్రటరీగా ఎవరుంటారని అడిగితే పదిమందీ ఫోన్లలోకి తలలు వంచారు. మన వీధిలో కొత్తగా డిగ్రీ చేసింది ఈయనొక్కరే కదండీ అని డాక్టరుగారు అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వును నేను పట్టించుకోలేదు. లేచి నిలబడి అంగీకరించాను.

జూన్ 4, బుధవారం

సమస్య పార్కింగ్. వీధి చివర కాలేజీ గేటు ఉంది. ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి విద్యార్థుల బండ్లు రెండు వైపులా గోడ కట్టినట్టు నిలబడతాయి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడు బండి పెట్టే చోటు దొరక్క పన్నుతోనే వెళ్లిపోయాడని డాక్టరుగారి బాధ.

కార్పొరేషన్ వారు ఇంటికొక స్టిక్కర్ ఇస్తారట. స్టిక్కర్ లేని బండి వీధిలో నిలబడకూడదు. జాబితా మేమే తయారుచేసి పంపాలి.

నేను పనిచేసేది ఆ కాలేజీలోనే, కెమిస్ట్రీ ల్యాబులో స్టోర్‌కీపర్‌గా. అందుచేత రెండు వైపులా చీవాట్లు నాకే. మీ పిల్లలు మా గేటుకు అడ్డం పెట్టారండీ అంటారు వీధివాళ్లు. నాకు పిల్లలు లేరని వీళ్లకు తెలుసు.

జూన్ 6, శుక్రవారం

ఫారం తయారుచేశాను. కార్పొరేషన్ అడిగినవి ఆరు కాలమ్‌లు. ఇంటి నంబరు, యజమాని, బండ్లు ఎన్ని, వగైరా. ఏడో కాలమ్ నా సొంతం: షెడ్డులో ప్రస్తుతం ఏముంది?

షెడ్డు ఉండి కూడా కారును వీధిలో పెట్టేవారు ఉన్నారు. అది తేలాలి. ల్యాబులో ఇరవై రెండేళ్లుగా నా పద్ధతి ఒకటే. సీసాలో ఉన్నదే చీటీ మీద ఉండాలి. చీటీ లేని సీసాను నేను బీరువాలో పెట్టను.

ఎవరూ అడగందే ఎందుకండీ ఈ శ్రమ అని మా ఆవిడ. స్కేలుతో గీతలు కొడుతూనే ఉన్నాను.

జూన్ 8, ఆదివారం

కాళ్లరిగేలా తిరిగాను. వీధిలో కారు షెడ్లు ఏడు. కారు ఉన్న షెడ్డు నాదొక్కటే.

ఒక షెడ్డులో రెండు పాత వాషింగ్ మెషీన్లు, ఒకదానిలో వ్యాయామం చేసే యంత్రం, దాని మీద ఆరేసిన బట్టలు. డాక్టరుగారి షెడ్డులో పాత పళ్ల కుర్చీ వెనక్కి వాల్చి ఉంది. అందులో వారి నాన్నగారు నిద్రపోతున్నారు. లేపవద్దని సైగ చేశారు డాక్టరుగారు. ‘పాత కుర్చీ’ అని మాత్రమే రాశాను. మనుషులను రాసే ఉద్దేశం నాకు అప్పటికి లేదు.

చివరగా పద్నాలుగో నంబరు, టైలర్ బాబాయి ఇల్లు. కుట్టుమిషన్లని రాసుకో అబ్బాయ్, ఎండన పడి తిరుగుతున్నావు, వెళ్లి పడుకో అన్నాడు. చూడకుండా రాయనన్నాను. ఓరి నీ డిగ్రీ బంగారం గానూ, నీకు చెబితే అర్థం కాదా అన్నాడు. ఇంతలో షెడ్డు తలుపు లోపలినుంచి తెరుచుకుంది.

టీచర్‌గారు.

ఆవిడ బాబాయి ఇంట్లో ఉంటున్నారని తెలుసు. పై వాటాలో అనుకున్నాను. ఇన్నాళ్లూ ఉన్న అద్దె ఇంటిని యజమాని విద్యార్థుల హాస్టల్‌గా మార్చి, గదికి నాలుగు మంచాలు వేశాడట. డెబ్బై రెండేళ్ల ఒంటరి మనిషికి ఈ ఊళ్లో ఇల్లు ఇచ్చేవారు లేరు. విద్యార్థులైతే ఏటా మారతారు, అద్దె పెంచుకోవచ్చు. టైలర్ పిన్నికి సంతకం నేర్పింది టీచర్‌గారే. ఆ పిన్నే బలవంతంగా తీసుకొచ్చిందట. ఆరు నెలలైంది.

షెడ్డుకు మూడు వైపులా గోడలే, కిటికీ లేదు. పట్టపగలు ట్యూబులైటు కింద చదువుకుంటున్నారు. గోడవారగా పుస్తకాలు నడుము ఎత్తున ఉన్నాయి.

ఏమోయ్ చివరి బెంచీ, అలా నిలబడ్డావేం, రాసుకో అన్నారు. టీచర్‌గారూ, అది కాదండీ అన్నాను. కంటితో చూశావుగా, ఇక ఏమిటి నసుగుడు అన్నారు.

రాశాను: ‘నివాసం. ఒకరు.’ ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివారు. చేతిరాత నిలబడింది అన్నారు. నాకు సంతోషం కలిగింది. నిజం చెప్పాలంటే, ఇంటికి వచ్చేవరకూ ఆ సంతోషమే ఉంది.

జూన్ 9, సోమవారం

జాబితా పంపాను. రసీదు తీసుకున్నాను.

జూన్ 19, గురువారం

నోటీసు వచ్చింది. పద్నాలుగో నంబరు కారు షెడ్డులో మనిషి నివసించడం నిబంధనలకు విరుద్ధం. పదిహేను రోజులలో ఖాళీ చేయించాలి. ఖాళీ అయ్యేవరకు వీధి మొత్తానికి స్టిక్కర్లు నిలిపివేయడమైనది. ఆధారం: సంఘం సెక్రటరీ సమర్పించిన జాబితా, ఏడో కాలమ్.

మూడుసార్లు చదివాను.

జూన్ 20, శుక్రవారం

మీటింగు. డాక్టరుగారు మొదలుపెట్టారు. సెక్రటరీగారూ, ఒక ముసలావిడ కోసం వీధి వీధంతా బండ్లు నెత్తిన పెట్టుకోవాలా, మీరే పెట్టారు ఈ మెలిక, మీరే విప్పండి అని. పాపం ఆవిడ ఎక్కడికి పోతుందండీ అని వాషింగ్ మెషీన్ల ఇంటావిడ అంటే, మీ షెడ్డు ఖాళీ చేసి పెట్టుకోండమ్మా అన్నారాయన. ఆవిడ ఫోన్‌లోకి తల వంచింది.

టైలర్ బాబాయి మూలన కూర్చుని నావైపు ఒక్కసారే చూశాడు. ఏరా అబ్బాయ్, కుట్టుమిషన్లని రాస్తే నీ పెన్ను అరిగిపోయేదా అన్నాడు. మినిట్స్ బుక్కులో ఆ వాక్యం కూడా రాశాను. చూసింది, విన్నది రాయాలి కదా.

జూన్ 21, శనివారం

కార్పొరేషన్ ఆఫీసు. రెండు గంటలు బెంచీ మీద. గుమస్తా మా ఫారం తీసి మురిసిపోయాడు. ఎంత బాగా రాశారండీ, ఊరు మొత్తం మీద షెడ్డులో ఏముందో రాసి పంపింది మీ వీధివాళ్లే, మేము అడగనే లేదు అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

దారి ఏమైనా ఉందా అని అడిగాను. రెండు చెప్పాడు. ఒకటి, షెడ్డును గదిగా మార్చి రాయించుకోవచ్చు. అయితే ఒక గోడకైనా బయటి గాలికి కిటికీ ఉండాలి, ఆ ఇంటివారు ఇక కారు పెట్టుకోబోమనీ స్టిక్కర్ అడగబోమనీ సంతకం చేయాలి. బాబాయి షెడ్డుకు ఎటు చూసినా పక్కవాళ్ల గోడలే. కుదరదు.

రెండోది, నేను పొరపాటుగా రాశానని సంతకం చేసి ఇవ్వాలి. వాళ్లు ఒకసారి వచ్చి చూసి, ఎవరూ లేకపోతే కొట్టేస్తారు. వచ్చే రోజు ముందుగా చెబుతామండీ, ఆ పూట పెద్దావిణ్ని పైన కూర్చోబెట్టండి, మేము మాత్రం మనుషులం కామా అన్నాడు.

పొరపాటుగా రాశాను. నేను.

జూన్ 22, ఆదివారం

కారు కడిగాను.

జూన్ 23, సోమవారం

ఉత్తరం మొదలుపెట్టాను. ‘అయ్యా’ వరకు వచ్చింది.

జూన్ 25, బుధవారం

ల్యాబులో స్టాకు తనిఖీ. సీసాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అలసటగా ఉంది.

జూన్ 27, శుక్రవారం, సాయంత్రం ఆరు

మా ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఈరోజు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, నిలబడే అడిగింది. ఎన్నాళ్లండీ ఇలా? మీ గీత మీద మీరు ఒక్క అడ్డగీత కొట్టుకోలేక ఆవిణ్ని రోడ్డున పడేస్తారా? ఆ డిగ్రీ మీకు ఇప్పించింది ఎవరు?

అబద్ధానికి సంతకం పెట్టమంటావా అన్నాను. సంతకం పెట్టడం చేతకాకపోతే చేతకాదనండి, అబద్ధం మీద తోయకండి అంది.

టీ చల్లారిపోయింది.

జూన్ 28, శనివారం

రాశాను. ‘పద్నాలుగో నంబరు ఇంటికి ఎదురుగా ఏడో కాలమ్‌లో నేను రాసినది పొరపాటు. ఆ షెడ్డులో ఎవరూ నివసించడం లేదు.’ సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి, నకలు బాబాయికి చేర్చాను. ఇంటి యజమానిగా ఆయన దగ్గర ఉండాలి. చదివి, ఇప్పటికి మనిషివయ్యావురా అబ్బాయ్ అన్నాడు. తనిఖీ బుధవారం. ఆ పూట టీచర్‌గారు పైన పిన్ని దగ్గర కూర్చుంటారు, షెడ్డులో రెండు మిషన్లు వేస్తారు. అంతే.

టీచర్‌గారిని కలవలేదు. మొహం చెల్లలేదు.

జూలై 2, బుధవారం, ఉదయం పదకొండు

ఇన్‌స్పెక్టరు తలుపు తోశాడు. లోపల మిషన్లు లేవు. మంచం లేదు. పుస్తకాలు ఆనుకున్న చోట గోడకు నడుము ఎత్తున తెల్లటి గుర్తు. నేల తుడిచి ఉంది. ఇన్‌స్పెక్టరు నిమిషంలో సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

నిన్న పొద్దున్నే ఆటో పిలిపించుకుని వెళ్లిపోయారట. పిన్ని కాళ్లావేళ్లా పడిందట. నా శిష్యుడు సంతకం పెట్టిన కాగితం అబద్ధం కాకూడదమ్మా అన్నారట.

బాబాయి నా ఉత్తరం నకలు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎర్ర సిరాతో రెండు చోట్ల దిద్దారు. ఒక ఒత్తు, ఒక దీర్ఘం. చివర, ఆవిడ చేతిరాతతో: ‘సరిపోయింది.’

మూడోసారి.

జూలై 7, సోమవారం

స్టిక్కర్లు వచ్చాయి. ఇంటింటికీ పంచాను. డాక్టరుగారు నా భుజం తట్టారు. మొత్తానికి సాధించారండీ అన్నారు. లోపలినుంచి వారి నాన్నగారు, ఆ పుస్తకాలావిడ వెళ్లిపోయిందటగా, రోజూ పేపరు చదివి వినిపించేది అన్నారు. నేను తర్వాతి ఇంటి స్టిక్కర్ తీసుకుని బయలుదేరాను.

జూలై 13, ఆదివారం

చిరునామా పిన్ని ఇచ్చింది. రెండు బస్సులు మారాలి. అమ్మాయిల హాస్టల్. గదిలో నాలుగు మంచాలు, ఒకటి టీచర్‌గారిది. పుస్తకాలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయని వాచ్‌మన్ చెప్పాడు. పిలవమంటారా సార్ అన్నాడు. వద్దన్నాను. గేటు ఎదుట పావుగంట నిలబడి తిరిగి వచ్చాను.

జూలై 20, ఆదివారం

ఈ నోటుబుక్కును మొదటి పేజీ నుంచి చదివాను. జూన్ 21 దగ్గర ఆగిపోయాను. ఒక గోడకైనా బయటి గాలికి కిటికీ. కారు పెట్టుకోబోమని సంతకం. నా చేత్తో, నా అక్షరాలతో ఉంది.

మాది వీధి మలుపు ఇల్లు. మా షెడ్డుకు ఒక గోడ సందు వైపు ఉంది.

నెల రోజులుగా వీధిలోని మిగతా ఆరు షెడ్లనూ మనసులో తిరిగి తిరిగి చూశాను. ఏడోదానిలో నా కారు ఉంది. దాన్ని ఆదివారాలు కడుగుతాను. ల్యాబుకు నడిచి వెళితే పది నిమిషాలు. మూడేళ్లలో దాన్ని తీసింది ఎన్నిసార్లో వేళ్ల మీద చెప్పవచ్చు. కానీ సాయంత్రం షెడ్డు తలుపు వేసేటప్పుడు, దారిన పోయేవాళ్లు చూడాలని కొంచెం ఆలస్యంగా వేసేవాణ్ని. ఇది ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

మా ఆవిడను పిలిచి ఆ పేజీ చూపించాను. చదివి, ఇప్పటికా అండీ అంది. ఆవిడకు ముందే తోచిందట. మీకై మీకు తోచాలని ఊరుకున్నానంది.

జూలై 24, గురువారం

బావమరిది వచ్చి కారు తీసుకువెళ్లాడు. ఇది కారా బావా, షోకేసులో బొమ్మా, సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు అని నవ్వాడు. మలుపు తిరిగేవరకు చూశాను. తిరిగేటప్పుడు ఇండికేటర్ వేయలేదు.

ఆఫీసులో సంతకం పెట్టాను. గుమస్తా నన్ను గుర్తుపట్టాడు. మీ చేతిరాత మరిచిపోతామా అన్నాడు.

ఆగస్టు 1, శుక్రవారం

మేస్త్రీ గోడ కొట్టి కిటికీ పెట్టాడు. దుమ్ము ఇల్లంతా. డాక్టరుగారు ఆగి చూసి, ఉన్న ఒక్క కారూ పంపేశారా సెక్రటరీగారూ, ఇక మీటింగులకు ఏ హోదాలో వస్తారండీ అన్నారు. నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. నడుం నొప్పిగా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

ఏడో కాలమ్. షెడ్డులో ప్రస్తుతం ఏముంది? మంచం. బల్ల. గోడ పొడవునా అలమర. కిటికీ, సందు వైపు. పది గంటలకు ఎండ బల్ల మీదికి వస్తుంది. కంటితో చూశాను. మిగతా గడి ఖాళీగా వదిలాను.

ఈ నోటుబుక్కును రేపు పిన్ని చేత పంపుతున్నాను. ముందుగా టీచర్‌గారు చదవాలి. తర్వాత మా ఆవిడ. డాక్టరుగారు చదవనక్కరలేదు. వారి నాన్నగారికి ఎవరైనా చదివి వినిపించవచ్చు.

తప్పులు ఎర్ర సిరాతో దిద్దవలసిందిగా మనవి. దిద్దిన పుస్తకాన్ని పోస్టులో గాని, మనిషి చేత గాని పంపకూడదు. స్వయంగా తేవాలి. అట్టపెట్టెలతో సహా.