తుల్లియో ఉన్న అధ్యాయం

బొలోన్యా, 3 మార్చి 1947

ప్రియమైన ఎర్సీలియా అక్కకి,

నా జైలు కథ ఐదు అధ్యాయాలు పంపుతున్నాను. తారీకులు సరిచూసి పెట్టు. ముస్సోలినీని ఎదిరించి అయిదేళ్లు ఆ జైలు దీవిలో మగ్గినవాణ్ణి, నాకు తారీకులేం గుర్తుంటాయి?

ఐదోది జాగ్రత్తగా చదువు. అందులో తుల్లియో ఉన్నాడు. మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. చివరికి క్షమాభిక్ష అర్జీ మీద సంతకం పెట్టేశాడు. వెళ్లేటప్పుడు చెయ్యి చాపితే నేను గోడవైపు తిరిగాను. నన్ను ఊపిరితిత్తుల జబ్బని వదిలేశారే గానీ, నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. అదే రాశాను.

నీ తమ్ముడు,
నేవియో

లివోర్నో, 11 మార్చి

ఒరేయ్ నేవియో,

చదివాను. అమ్మ గురించి రాసిన చోట ఏడుపాగలేదు. తారీకులు దిద్దాను.

ఐదో అధ్యాయం తీసెయ్యరా. తుల్లియో పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన భార్య డెల్ఫీనా ఇక్కడే చేపల బజారులో కూర్చుంటోంది. ఆమెకి ఇంకో దెబ్బ ఎందుకు?

మందులు మానకు.

అక్క

బొలోన్యా, 16 మార్చి

అక్కా,

తియ్యను. మొన్న సభలో ఆ అధ్యాయమే చదివితే జనం లేచి నిలబడ్డారు. సంతకం పెట్టనివాళ్లు ఆ దీవిలోనే చచ్చిపోయారు. వాళ్లకేం జవాబు చెప్పను? తుల్లియో పిరికివాడు, అంతే. నీకెందుకంత జాలి? కారణముంటే చెప్పు. వచ్చే నెల పదో తారీకున అచ్చు మొదలు.

నేవియో

లివోర్నో, 22 మార్చి

నా తమ్ముడికి,

కూర్చుని చదువు.

నీ పేరు మీద అర్జీ వెళ్లింది. సంతకం నేను పెట్టాను.

తుల్లియో విడుదలై తిన్నగా మనింటికే వచ్చాడు. ఇంకా తన ఇంటి గడప కూడా తొక్కలేదు. "మీ తమ్ముడు రక్తం కక్కుతున్నాడమ్మా. ఈ చలికాలం దాటడు. వాడు చచ్చినా సంతకం పెట్టడు, మీరే పెట్టండి" అన్నాడు. అర్జీలో ఏ మాటలుండాలో పక్కన కూర్చుని చెప్పాడు. నీ ఉత్తరాలు ముందేసుకుని రెండు వారాలు నీ సంతకం నేర్చుకున్నాను. నేను పనిచేసే వకీలు గారి ద్వారా రోముకి పంపాను. విడుదల కాగితం నీకు చదివే ఉంటారు. జ్వరంలో నీకేం తెలిసింది?

నీకు చెప్పనని ఆయన నాతో ఒట్టేయించుకున్నాడు. నువ్వు గోడవైపు తిరిగిన సంగతి మాత్రం ఆయన నాకు చెప్పలేదు. నీ పుస్తకంలోనే చదివాను.

ఎర్సీలియా

బొలోన్యా, 9 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పదకొండేళ్లుగా నమ్మిందీ, ఇప్పుడు సభల్లో ఛాతీ విరుచుకుని చెప్పిందీ అంతా అబద్ధమా? అచ్చు ఆపించి రైలెక్కాను. లివోర్నో వచ్చి కూడా నీ దగ్గరకి రాలేదు. డెల్ఫీనా దగ్గరకి వెళ్లాను.

ఆమె చేపలు కోస్తోంది. నేను నోరు తెరిచేలోపే, "తెలిసిందా?" అంది.

"మీకు ముందే తెలుసా? మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్లీ వెళ్లి జైల్లో కూర్చునే రకం మీరు. మా ఆయనే అనేవాడు."

ఐదో అధ్యాయం అక్కడే, బజారులోనే, చదివి వినిపించాను. పిరికివాడన్న మాట దగ్గర కాగితం దించేశాను. "చదవండి" అంది. చదివాను. అయిపోయాక ఆ కాగితాలు చింపబోతే నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతులకి చేపల నెత్తురుంది.

"చింపకండి. మీరు గోడవైపు తిరిగారు, అది జరిగింది. మీరు పట్టుకోని ఆ చెయ్యి గురించి మా ఆయన పోయేదాకా బాధపడ్డాడు. అదీ రాయండి. ఆ తర్వాత మీ ఇంటికెళ్లాడు, అదీ రాయండి."

ఒక్క అక్షరం తియ్యలేదక్కా. దాని కింద మిగతాదంతా రాశాను. సభలో లేచి నిలబడినవాళ్లు ఇప్పుడు ఉమ్మేస్తారేమో. ఉమ్మనీ.

నువ్వు నన్ను బతికించావు. అయినా నీ మీద కోపం పోలేదు. నా పేరుతో నువ్వు వాళ్ల ముందు నా తల వంచావు. ఈ రెండూ కలిపి ఎలా మోయాలో తెలియడం లేదు. ఆదివారం వస్తున్నాను. ఏం మాట్లాడతానో నాకే తెలియదు. నువ్వు మాత్రం ఇంట్లో ఉండు.

నీ నేవియో