ఇంటి ఓట్లు

లోవర్ హట్, బుధవారం

జశ్వంత్‌కు,

మన ఇంట్లో మూడు ఓట్లున్నాయని నిన్న ఫోన్‌లో అన్నావు. తప్పు. మన ఇంట్లో ముగ్గురం ఉన్నాం, తలా ఒక ఓటు ఉంది. కౌన్సిల్‌కు నిలబడ్డ నీ స్నేహితుడు సత్యేంద్రకు ఆ మూడూ ఇస్తానని మాటిచ్చేముందు నువ్వు మమ్మల్ని అడగలేదు.

"డునెడిన్ నుంచి వచ్చాక, పోస్టులో ఇంటికొచ్చిన ఓటు కాగితాలన్నీ నేనే నింపి తిరిగి పోస్ట్ చేస్తాలే, మీకెందుకమ్మా శ్రమ" అన్నావు. ఆ శ్రమ మేమే పడ్డాం. అభ్యర్థుల పుస్తకం నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. నీ భార్య పరీక్ష హాల్లోలా చెయ్యి అడ్డం పెట్టుకుని నింపింది. నేను అటు వెళ్తే, "అత్తయ్యా, మీది మీరు చూసుకోండి" అంది. స్పందన నాతో ఇన్నేళ్లలో అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఈ దేశపు ఆడవాళ్లు ఊరూరా సంతకాలు పోగుచేసి, కాగితానికి కాగితం అంటించి, ప్రపంచంలో అన్ని దేశాలకంటే ముందు ఓటు సాధించుకున్నది నువ్వు దాన్ని స్నేహితుడికి కానుకగా ఇవ్వడానికి కాదు.

మీ నాన్నగారు కూడా ఏ గుర్తుకు వెయ్యాలో దారి పొడుగునా చెప్పేవారు. "అలాగేనండీ" అని, అట్ట చాటున నాకు నచ్చినట్టు వేసేదాన్ని. నలభై ఏళ్లు ఇద్దరం సంతోషంగా ఉన్నాం.

సత్యేంద్రకే వేశానేమో కూడా. చెప్పను.

ఈ ఉత్తరం కింద ఉన్న ఓటు కవరు నీది, విప్పలేదు. శనివారం పొద్దున్నే నింపి, సూపర్‌మార్కెట్ గుమ్మంలోని నారింజ రంగు ఓట్ల పెట్టెలో వెయ్యి. వస్తూ రెండు లీటర్ల పాలు తీసుకురా.

అమ్మ